ముడి లేకుండా ఎక్కిన జెండా

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చాలా జెండాలు కట్టాను. ఎగరేయలేదు, కట్టాను. ఎగరేసేవాళ్లు వేరే ఉంటారు. పంచాయతీ కార్యదర్శి పని జెండాను నాలుగు మడతలు పెట్టడం, మధ్యలో బంతిపూల రేకులు పోయడం, లాగితే ఊడేలా ముడి వేయడం, పెద్దవాళ్లు వచ్చేదాకా ఆ స్తంభం పక్కన నిలబడి ఉండటం. ముడి ఊడి పూలు రాలితే పేరు ఎగరేసినవారిది. ఊడకపోతే పేరు మనది.

ఇప్పుడు గ్రామ సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆత్మకూరులో మా ఇంటికి వస్తుంటారు. "సార్, ఈ ఉద్యోగంలో దేనికి భయపడాలి, దేనికి భయపడకూడదు?" అని అడుగుతారు. వాళ్లకు నోటితో సరిగా చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను వీరుణ్ణి కాదు. ఒక ఏడాది తప్పు చేశాను, మరుసటి ఏడాది ఆ తప్పు మళ్లీ చేయకుండా మాత్రం ఆగగలిగాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. వాళ్లందరూ ఇంకా అక్కడే ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు రోజూ చూసుకుంటూ బతుకుతున్నారు.

రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందనగా నన్ను ఉదయగిరి అవతల, సీతారామపురం దారిలో ఉన్న ఒక పంచాయతీకి వేశారు. కొండ కింద ఊరు. వాన పడితే పంట, పడకపోతే బెంగళూరు. గొర్రెల మందలు ఎక్కువ, బస్సులు తక్కువ. ఉదయగిరిలో ఒక గది అద్దెకు తీసుకుని మోటారు సైకిలు మీద తిరిగేవాణ్ణి. శనివారం సాయంత్రం ఆత్మకూరు, సోమవారం పొద్దున మళ్లీ కొండ దారి. గొడవలు లేకుండా ఈ ఏడాది గడిస్తే చాలు అన్నదొక్కటే నా కోరిక.

ఆ ఏడే పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సర్పంచి పదవి ఎస్టీ మహిళకు రిజర్వు అయింది. అంతకు ముందు దశాబ్దాల తరబడి ఊరిని నడిపింది ఒకే కుటుంబం. ఆ ఇంటి యజమానిని ఊరంతా పెద్దాయన అనేది, నేనూ అలాగే అంటాను. రిజర్వేషను వచ్చిందని ఆయన పెద్దగా బాధపడలేదు. చెరువు కట్ట కింద యానాదుల కాలనీ నుంచి, తన పొలంలో కలుపుకు వచ్చే ఒకామెను పిలిచి నామినేషను వేయించాడు. పోటీకి ఎవరినీ రానివ్వలేదు.

"సంతకం పెట్టడం వచ్చు గదా, చాలు. మిగతాది మనం చూసుకుంటాం," అని నాతోనే అన్నాడు.

ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. పొద్దున్నే మొగుడితో కలిసి చెరువులో వల లాగేది, తర్వాత కూలికి వెళ్లేది. సర్పంచి అయ్యాక కూడా రెండూ మానలేదు. పంచాయతీ ఆఫీసులో ఆమె కోసం వేసిన కుర్చీ ఒకటి ఉండేది. ఆమె దానిలో కూర్చోకుండా గోడ వారగా ఉన్న బెంచీ మీద, అదీ చివరన, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చునేది.

పెద్దాయన చెడ్డవాడని మీరు అనుకుంటే ఈ కథ మీకు అర్థం కాదు. కరోనా మొదటి ఏడు పనులు లేక కాలనీ పస్తులుంటే బియ్యం మూటలు పంపింది ఆయనే. ఆగస్టు పదిహేను అంటే ఆయనకు నిజమైన భక్తి. ఆ రోజు ఉతికిన తెల్ల పంచె కట్టుకుని, చెప్పులు దూరంగా విడిచి, స్తంభం దగ్గరికి వచ్చేవాడు. జెండా విచ్చుకున్నప్పుడు కళ్లు తుడుచుకునేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఈ ఊళ్లో మొదటి జెండా ఎత్తింది వాళ్ల తాత. తర్వాత తండ్రి, తర్వాత తను. ఆయన దృష్టిలో అది పదవితో వచ్చిన హక్కు కాదు, ఇంటి ఆస్తి.

ఆ మొదటి ఏడు ఆగస్టు పద్నాలుగున ఆయన ఆఫీసుకు వచ్చాడు.

"రేపు ఎనిమిదికి వస్తాను సెక్రటరీ. అంతా సిద్ధంగా పెట్టు."

పంచాయతీ ఆఫీసు దగ్గర జెండా ఎగరేయాల్సింది సర్పంచి. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను నోరు తెరిచి ఏదో అనబోయి, "అట్లాగేనండి" అన్నాను. తర్వాత మనసు ఊరుకోక కాలనీకి వెళ్లాను. సర్పంచమ్మ ఇంటి ముందు చేపలు శుభ్రం చేస్తోంది.

"రేపు జెండా సంగతేమ్మా?"

"ఎప్పుడూ ఆయనే గదా సార్ ఎగరేసేది."

"నీకేం అభ్యంతరం లేదు గదా?"

ఆమె తల ఎత్తలేదు. "నాకేం ఉంటాది సార్."

ఆ మాటను ఎంత ఆత్రంగా అందుకున్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకే అభ్యంతరం లేనప్పుడు నాకెందుకు అనుకుంటూ బండి తిప్పాను. అవునని చెప్పడం తప్ప దారి లేని మనిషిని ఒప్పుకుంటావా అని అడగడం అడగడమే కాదని, ఆ ఉద్యోగంలో అన్నేళ్లు ఉన్న నాకు తెలియక కాదు.

మరునాడు పెద్దాయన ఎగరేశాడు. సర్పంచమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ల వరుసలో వెనక నిలబడింది. అందరూ వెళ్లిపోయాక మా డిజిటల్ అసిస్టెంటు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కలిగిరి నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, చురుకైనది.

"సార్, సర్పంచి జెండా ఎగరేస్తా ఉండే ఫొటో పెట్టాలంట గ్రూపులో. మండలం నుంచి రెండుసార్లు అడిగినారు."

నేను ఒక్క నిమిషం ఆలోచించాను. ఒక్క నిమిషమే. ఇంటికి బయల్దేరిన సర్పంచమ్మను వెనక్కి పిలిచాను.

"ఫొటో కోసం ఒకసారి ఆ తాడు పట్టుకోమ్మా. తల పైకెత్తు."

ఆమె తాడు పట్టుకుంది. తల పైకెత్తింది. పైన జెండా అప్పటికే ఎగురుతోంది.

"చాలా సార్?" అంది.

"చాలమ్మా."

డిజిటల్ అసిస్టెంటు ఫోటో పంపి, నా వైపు చూడకుండా ఫోను సంచీలో పెట్టుకుంది. నేను రిజిస్టరులో 'గౌరవ సర్పంచి గారిచే జెండా ఎగురవేయబడినది' అని చక్కని అక్షరాలతో రాశాను. నా దస్తూరి బాగుంటుందని పేరు.

ఆ ఏడాది ముగిసేలోపే నేను ఇంటికి వెళ్లే ఏర్పాట్లు మొదలుపెట్టుకున్నాను. ఇంతలో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు రెండేళ్లు పెంచింది. పెంచకపోయి ఉంటే నా చివరి ఆగస్టు పదిహేను ఆ ఫోటోతోనే ముగిసిపోయేది.

తర్వాతి ఏడు స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లు నిండిన పండుగ. ఇంటింటి మీదా జెండా ఎగరాలని ఉత్తర్వులు వచ్చాయి. జూలై నెలలోనే మా ఆఫీసు జెండాల కట్టలతో నిండిపోయింది. ఒక మధ్యాహ్నం నేనూ డిజిటల్ అసిస్టెంటూ ఇళ్ల జాబితా చూసుకుంటుంటే సర్పంచమ్మ వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. నా బల్ల ముందు నిలబడింది.

"సార్, పోయినేడు తీసినారే ఫొటో, అది మా పాప చూసినాది."

వాళ్ల పాప ఆత్మకూరులో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎవరి ఫోనులోనో ఆ ఫోటో చూసి, మా అమ్మ ఊళ్లో జెండా ఎగరేసిందని హాస్టలంతా చెప్పుకుందట. టీచరు ఆ పిల్లను ముందుకు పిలిచి అందరి చేతా చప్పట్లు కొట్టించిందట.

"సెలవలకు వచ్చి నన్నడిగినాది, ఎట్టా ఎగరేసినావు మా, చేతులు వణకలేదా అని. నేను అవునని చెప్పలా, కాదనీ చెప్పలా. అన్నానికి లెయ్యి అని మాట మార్చినాను." బల్ల మీది జెండాల కట్ట వైపు చూసింది. "ఈసారి నిజంగానే ఎగరేస్తాను సార్. ఎట్టా ఎగరేయాల్నో నేర్పించండి."

నోటి దాకా వచ్చిన మొదటి మాట, సిగ్గు విడిచి చెబుతున్నాను, 'ఎందుకమ్మా ఇప్పుడు' అన్నదే. దాన్ని మింగి, "పెద్దాయనతో ఒక మాట..." అన్నాను.

"ఆయనతో మీరు మాట్లాడండి సార్. మీరు సెక్రటరీ గదా. నేను మాట్లాడితే కూలికి పిలవడు, అంతే. మీరు మాట్లాడితే ఏం చేస్తాడు?"

ఆమె వెళ్లాక డిజిటల్ అసిస్టెంటు, "రూలు మన వైపే ఉండాది గదా సార్?" అంది.

"రూలు మన వైపే ఉందమ్మా. ఊరు మన వైపు లేదు."

"ఊరిని అడిగినామా సార్ ఎప్పుడన్నా?" అంది ఆ పిల్ల. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండని పిల్ల.

మరుసటి వారం ఆఫీసు వెనక వేపచెట్టు కొమ్మకు తాడు వేసి సర్పంచమ్మకు నేర్పాను. మడత ఎలా పెట్టాలో, కాషాయం పైకి వచ్చేలా ఎలా చూసుకోవాలో, పైకి లాగాక రెండో తాడును ఒక్క కుదుపు ఎలా ఇవ్వాలో చూపించాను. మొదటిసారి ఆమె ఎంత గట్టిగా లాగిందంటే కొమ్మ విరిగి డిజిటల్ అసిస్టెంటు పక్కన పడింది. ముగ్గురం నవ్వుకున్నాం.

"వల లాగే చేతులు సార్. మెత్తగా లాగడం రాదు వీటికి."

"ఇంత బలం అక్కర్లేదమ్మా. ముడి దానంతటదే ఊడుతుంది."

"ముడి ఎందుకు సార్ అసలు?"

"లోపల పూలుంటాయి గదా. అదొక అందం."

ఆమెకు నా జవాబు నచ్చినట్టు లేదు. కానీ నేర్చుకుంది. మూడో రోజుకు నాకన్నా బాగా వచ్చింది.

ఇక పెద్దాయన. ఇంటి మీద కట్టుకోవడానికి జెండా, చేతిలో ఆహ్వాన పత్రం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. పక్కనే మంచం మీద ఎనభై అయిదేళ్ల వాళ్ల అమ్మ. ఊళ్లో అందరికీ ఆమె అవ్వే. పెద్దాయన పత్రం చదివాడు. 'సర్పంచి గారు జెండా ఎగురవేస్తారు' అన్న వాక్యం దగ్గర ఆగాడు.

"ఏంది సెక్రటరీ ఇది?"

"నిబంధన అదేనండి."

"పోయినేడు లేదా నిబంధన?"

"ఉంది. పోయినేడు నేను తప్పు చేశాను."

ఆయనకు కోపం కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగినట్టుంది. "మా తాత ఎత్తిన జెండా అది. ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో ఎవురికీ తెలియని రోజుల్లో మా తాత ఎత్తినాడు. పదవి ఇచ్చినాం, సంతోషం. జెండా కూడా ఇచ్చేయాల్నా?"

నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి అవ్వ అంది: "మీ తాత యాడ ఎత్తినాడురా?"

ఇద్దరం అటు తిరిగాము.

"నాకప్పుడు పదేళ్లు. మేనమామ ఇల్లే గదా, నేనీడే ఉండా. నెల్లూరు నుంచి ఎవరో కబురు తెచ్చినారు, దొరలు పోతా ఉండారు, జెండా ఎత్తండి అని. జెండా యాడుండాది? మామ పంచె చించినారు. పసుపూ కుంకుమా కలిపి ఒక పక్క పూసినారు, చిక్కుడాకు పసరు ఒక పక్క. మధ్యలో చక్రం గీయమంటే బండ్లు చేసే మా వడ్ల ఆయన ఎద్దుల బండి చక్రం గీసినాడు, ఇరుసుతో సహా." అవ్వ నవ్వింది. "చావడి మీద కట్టాలన్నారు. గడ్డి కప్పు, కాలు పెడితే దిగబడతాది. ఎవురికీ ధైర్యం చాల్లా. చెరువు కాడ యానాదాయన, ఆ కప్పు కప్పినాయన, ఆయన ఎక్కినాడు. వెదురు నిలబెట్టింది ఆయనే, గుడ్డ కట్టింది ఆయనే. మీ తాత కింద టెంకాయ కొట్టినాడు. ఆ చిప్ప నాకే ఇచ్చినాడు."

"అమ్మా, నువ్వు గమ్మునుండు," అన్నాడు పెద్దాయన.

"గమ్మునే ఉండా గదరా ఇన్నేళ్లు. ఎవురడిగినారు నన్ను?"

పెద్దాయన పత్రాన్ని మడిచి కుర్చీ చేతి మీద పెట్టాడు. నా వైపు చూడకుండా, నెమ్మదిగా అన్నాడు: "ఎగరేసుకోమను. మా వాళ్లెవరూ రారు. మైకాయనా రాడు, షామియానా ఆయనా రాడు. ఖాళీ కుర్చీలకు ఎగరేసుకుంటాది."

అయినా నేను సంబరంగానే బయటికి వచ్చాను. మొదటి జెండా కట్టింది సర్పంచమ్మ వాళ్లలో ఒకరే! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నేరుగా కాలనీకి వెళ్లి సర్పంచమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. దీన్ని ఆ రోజు మైకులో చెబుదాం, ఇక ఎవరూ నోరెత్తరు అన్నాను. ఆమె వల బాగు చేస్తూ అంతా వింది.

"ఆ తాత చెప్పిన పని చేసినాడు సార్. ఎక్కి కట్టమన్నారు, ఎక్కి కట్టినాడు. అది కూలి. కట్టి దిగి ఇంటికి పొయ్యుంటాడు."

"అయినా మొదటి చెయ్యి ఆయనదే గదమ్మా."

"ఆయన ఎక్కకపోయుంటే నేను ఎగరేయకూడదా సార్?"

ఆమె దారం కొరికి ముడి బిగించింది.

"జనం సర్పంచిని చేసినారు. పోటీ లేకుండా చేసినారో, ఎట్ట చేసినారో, చేసినారు. దానికే ఎగరేస్తాను. తాతను ఇందులోకి లాగొద్దండి."

అన్నేళ్లు ఫైళ్లు చదివిన నాకు ఆ చిన్న విషయం తోచలేదు. హక్కుకు చుట్టరికం చూపించాల్సిన పని లేదు. పెద్దాయన పొరపాటూ, నా పొరపాటూ నిజానికి ఒకటే.

ఆగస్టు పదిహేను పొద్దున తుంపర పడుతుండగానే ఉదయగిరిలో బయల్దేరాను. ఊళ్లోకి వచ్చేసరికి వాన ఆగింది. ప్రతి ఇంటి మీదా జెండా ఉంది. మేము పంచినవే. ఇళ్ల ముందు మాత్రం మనుషులు లేరు. పెద్దాయన చెప్పినట్టే మైకు లేదు, షామియానా లేదు. డిజిటల్ అసిస్టెంటు అప్పటికే వచ్చి ఆఫీసులోని కుర్చీలన్నీ బయట వేయించింది. ఎదురుగా బడి పంతులు పాతికమంది పిల్లలను వరుసలో నిలబెట్టాడు. కాలనీ వాళ్లు వచ్చారు కానీ రోడ్డు దాటలేదు. అవతలి అంచున గుంపుగా నిలబడ్డారు.

నేను జెండా మడత పెడుతుంటే ఫోను మోగింది. పై అధికారి.

"ఏమయ్యా, ఆ ఊళ్లో గొడవంట? ఎందుకొచ్చిన తంటా? పెద్దాయనతో ఎగరేయించి, ఆమెను పక్కన నిలబెట్టు. ఫోటోలో ఇద్దరూ పడతారు."

ఎదురుగా సర్పంచమ్మ ఉంది. నా ముఖం చూసి ఫోనులో ఏం మాట జరుగుతోందో పోల్చుకుంది. రోడ్డు అవతల ఉన్న తన వాళ్ల వైపు ఒకసారి, స్తంభం వైపు ఒకసారి చూసింది, అంతే.

నేను ధైర్యవంతుణ్ణి కాదని ముందే చెప్పాను. కానీ మా ఉద్యోగంలో పిరికివాడికి కూడా ఒక ఆయుధం ఉంటుంది. అది వాడాను.

"అట్లాగే సార్. ఆ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపించండి. ఇప్పుడే అమలు చేస్తాను."

"కాగితం ఏందయ్యా దీనికి?"

"పక్కాగా ఉంటుంది సార్. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి."

ఫోను పెట్టేశాడు. కాగితం రాలేదు. రాదని నాకు తెలుసు. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: తప్పుడు మాట నోటితోనే వస్తుంది, కాగితం మీదికి రమ్మంటే రాదు. అది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, మీకు అంత పట్టనవసరం లేదు.

ఎనిమిది కావస్తుండగా పెద్దాయన వీధి మలుపులో అవ్వ కనిపించింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మనవరాలి భుజం. నెమ్మదిగా నడిచి వచ్చి ముందు వరుసలో మొదటి కుర్చీలో కూర్చుంది. "ఏంది, ఇంకా ఎత్తలేదా?" అని అడిగింది, ఆలస్యమైనందుకు మమ్మల్ని తప్పు పడుతున్నట్టు. ఆమె వెనక గొర్రెల వాళ్ల ఇళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. అది చూసి కాలనీ వాళ్లు రోడ్డు దాటారు. పెద్దాయన మాత్రం రాలేదు. టీ అంగడి దగ్గర బండి ఆపుకుని, దాని మీదే కూర్చుని చూస్తున్నాడు. ఆయన చుట్టూ పదిమంది.

సర్పంచమ్మ చెప్పులు విడిచి స్తంభం దగ్గరికి వెళ్లింది. తాడు పట్టుకుని లాగింది. మడత జెండా పైకి వెళ్లింది. రెండో తాడును కుదిపింది.

ముడి ఊడలేదు.

మళ్లీ కుదిపింది. ఊడలేదు. తుంపరకు తాడు తడిసి ఉబ్బింది. అంతకన్నా ముఖ్యం, ఆ ఫోను పెట్టేశాక కంగారులో నేను వేసిన ముడి అది. ఎప్పుడూ వేసే ముడి కాదు, బిగుసుకుపోయిన ముడి. ముప్పై మూడేళ్లలో ఒక్కసారి నా ముడి ఊడకపోవడం ఆ రోజే జరగాలా!

టీ అంగడి వైపు నుంచి ఎవరో నవ్వారు. "అందుకే చెప్పేది..." అన్న మాట గాలిలో వచ్చింది. పిల్లలు మెడలెత్తి పైకే చూస్తున్నారు. రెండడుగుల్లో స్తంభం దగ్గరికి వెళ్లి, "ఇటివ్వమ్మా, నేను చూస్తాను," అని చెయ్యి చాచాను.

"ఉండండి సార్," అంది ఆమె, నాకు మాత్రమే వినపడేలా.

తాడు నాకు ఇవ్వలేదు. తొందరపడలేదు. జెండాను నెమ్మదిగా కిందికి దించుకుంది. నేల తాకకుండా ఎడమ చేతి మీదికి తీసుకుంది. నేను బిగించిన ముడిని గోటితో, పంటితో విప్పింది. అంతా కలిపి అరనిమిషం పట్టి ఉండదు. పూల రేకులు ఆమె పాదాల మీద పడ్డాయి. మళ్లీ మడత పెట్టబోతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. జెండా అంతా విప్పి, ఒక్కసారి విదిలించి, పై అంచూ కింది అంచూ తాడుకు కట్టి, విప్పిన జెండానే పైకి ఎక్కించడం మొదలుపెట్టింది. చెయ్యి మీద చెయ్యి వేస్తూ, తొట్రుపాటు లేకుండా, వల లాగినట్టు.

జెండా అలా కింద నుంచి అందరూ చూస్తుండగా పైకి ఎక్కడం నేను అంతకు ముందు చూడలేదు. ఆమె తల మీదుగా, ఆఫీసు కప్పు మీదుగా, వేపచెట్టు మీదుగా ఎక్కింది. కొండ వైపు నుంచి వచ్చే గాలి అందగానే ఒక్కసారి విచ్చుకుంది. బడి పంతులు ఎత్తుకోమనక ముందే పిల్లలు జనగణమన ఎత్తుకున్నారు. మైకు లేకపోయినా టీ అంగడి దాకా వినపడింది. పాట మొదలవగానే పెద్దాయన బండి దిగి నిటారుగా నిలబడటం నేను చూశాను. పాటకు లేవకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఎప్పుడో శిక్షణలో చెప్పారు. జనవరి ఇరవై ఆరున పైన కట్టి ఉన్న జెండాను విప్పుతారు, ఆగస్టు పదిహేనున మాత్రం కింద నుంచి పైకి ఎక్కించాలి. ఆ రోజు ఒక జెండా దిగి మన జెండా ఎక్కింది గనుక. మేము రెండింటికీ ఒకే పూల మడత, ఒకే ముడి వేస్తూ వచ్చాము. ఏ రూలూ చదవని ఆమె చేతుల మీదుగా, నా ఉద్యోగంలో మొదటిసారి, ఆ పని జరగాల్సిన తీరులో జరిగింది.

కార్యక్రమం అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి, "ముడి నా తప్పమ్మా," అన్నాను.

"తెలుసు సార్," అంది. చేతులు చూసుకుంది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఇప్పుడు వణకతా ఉండాయి సార్. మా పాపకు చెప్తాను, వణికినాయి, అయిపోయినాక అని."

అంతటితో అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ నెలంతా కాలనీ వాళ్లను ఊళ్లో ఎవరూ కూలికి పిలవలేదు. వాళ్లు ఆటో మాట్లాడుకుని కలువాయి వైపు నిమ్మతోటల పనికి వెళ్లారు. చీకటితో పోయి చీకటితో వచ్చేవారు. నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది. సర్పంచమ్మ మాత్రం ఆఫీసుకు వచ్చిన రోజున తన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది. నెల దాటాక వానలు పడి కలుపు పెరిగింది. గడ్డికి జెండా గొడవలు తెలియవు. మొదట ఒకరు కబురు పెట్టారు, తర్వాత ఇంకొకరు. చివరికి పెద్దాయన పొలం నుంచీ కబురు వచ్చింది. వాళ్లు వెళ్లారు, కానీ ఊరి పాత కూలికి కాదు, ఉదయగిరిలో ఇచ్చే కూలి రేటు మాట్లాడుకుని వెళ్లారు.

నా ఉద్యోగంలో చివరి ఆగస్టు పదిహేనుకు ఎవరు ఎగరేస్తారని ఎవరూ అడగలేదు. మైకాయన తనే వచ్చి సెట్టు పెట్టుకున్నాడు. ముడి వేయడం మానేశాం. విప్పిన జెండానే పైకి ఎక్కింది. పెద్దాయన వచ్చి రెండో వరుసలో, వాళ్ల అమ్మ వెనక కూర్చున్నాడు. అంతా అయ్యాక లేచి నేరుగా సర్పంచమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఏం సర్పంచమ్మా, జెండాకి ఇస్త్రీ లేదేంది? మడతలన్నీ అట్టే కనిపిస్తా ఉండాయి."

ఆయన ఆమెను సర్పంచమ్మా అని పిలవగా వినడం నాకు అదే మొదటిసారి. ఆమె పైకి చూసింది. నిజమే, మడతలు కనిపిస్తున్నాయి.

"ఇస్త్రీ పెట్టె మీ ఇంట్లో ఉండాదయ్యా, మా ఇంట్లో లేదు."

ఆయన ఇంకోసారి జెండా వైపు చూసి, "వచ్చే ఏడు ముందు రోజు పంపించు. చేపిస్తాలే," అన్నాడు.

ఆ రోజు కొండ కింది గొల్లపల్లె నుంచి కూడా జనం వచ్చారు. హాస్టలు నుంచి సర్పంచమ్మ పాప, దాని స్నేహితురాళ్లు నలుగురు వచ్చారు. నేను పోయిన ఏటి లెక్కనే లడ్లు తెప్పించాను. సగం మందికి అందేసరికే పెట్టె ఖాళీ అయింది. మందను వదిలిపెట్టి వచ్చిన ఒక ముసలాయన, భుజం మీద గొంగడి సర్దుకుంటూ నన్ను పట్టుకుని నిలదీశాడు.

"ఏం సెక్రటరీ, ఇంతమంది వస్తారని తెలీదా నీకు? ఇవేం ఏర్పాట్లయ్యా?"

"తెలియలేదు తాతా, తప్పయింది," అన్నాను. ఏర్పాట్లు చాలలేదని జనం తిడుతుంటే, నవ్వు ఆపుకోలేక అక్కడే నిలబడిపోయాను.